ఉయ్యాల కోసం ఒక బల్ల

సంతకం సరిపోలడం లేదని ముప్పై ఏళ్లుగా ఎన్నో చెక్కులు తిప్పి పంపినవాణ్ణి. అటువంటిది, కిందటేడు ఒక వారం పాటు నా సంతకమే బ్యాంకు నమూనాతో సరిపోలలేదు. కుడిచేతి బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి. అందుకు కారణం ఒక పాత డ్రిల్ ప్రెస్.

నేను చదివింది బి.కాం. వడ్రంగం మా ఇంటా వంటా లేదు. కానీ అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వస్తోందనగానే, పుట్టబోయే బిడ్డకు ఉయ్యాల నా చేతులతోనే చెయ్యాలన్న కోరిక పుట్టింది.

మా మనలి అటువంటి కోరికలకు అనువైన ఊరే. 1965లో మద్రాస్ రిఫైనరీస్ సంస్థ ఏర్పడింది. 1969లో ఇక్కడి చమురుశుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టింది. నేటి చెన్నై పెట్రోలియం అదే. తర్వాత ఎరువుల కర్మాగారం, రసాయన పరిశ్రమలు వచ్చాయి. వాటి నీడన లేత్ షెడ్లు, వెల్డింగ్ దుకాణాలు వెలిశాయి. మూతబడిన అటువంటి ఒక షెడ్డు నుంచే నాకు ఆ యంత్రం చవకగా దొరికింది.

అయితే అది ఇనుము తొలిచేవాళ్లు వాడిన యంత్రం. దాని బల్ల జానెడు వెడల్పున్న గుండ్రటి ఇనప పలక. ఇనపముక్కలకు అది చాలు. మూడడుగుల టేకు పట్టీని దానిమీద పెడితే రెండు కొసలూ గాలిలో ఉంటాయి. నేను పట్టీని చేత్తో పట్టుకుని తొలవబోయాను. బరమా చెక్కలో ఇరుక్కుంది. చెక్క గిర్రున తిరిగి వచ్చి నా వేలికి తగిలింది.

"ఆ యంత్రం అమ్మెయ్యండి. రేపు పసిబిడ్డ తిరిగే ఇల్లు" అంది మా శ్రీమతి. కాదనడానికి నా దగ్గర మాట లేకపోయింది.

మా పక్క వీధిలో ఒక పెద్ద మేస్త్రీ గారున్నారు. నాలుగు తరాలుగా మద్రాసులోనే ఉన్న తెలుగు కుటుంబం వారిది. నా కట్టు చూసి, సంగతంతా విని, "యంత్రం తప్పేముంది సార్? తొలవడం దాని పని. చెక్కను పట్టుకోవడం బల్ల పని. మీకు బల్లే లేదే!" అన్నారు. ఆయన మాట మీదే నా ప్రయత్నం మళ్లీ మొదలైంది.

సముద్రం దగ్గర కావడంతో మా గాలిలో తేమ ఎక్కువ. చెక్కపొడితో చేసే పలకలు ఉబ్బుతాయి. అందుకని ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకున్నాను. రెండు పలకలు జిగురుతో కలిపి, 60 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు బల్ల కోశాను. యంత్రపు స్తంభం అడ్డురాకుండా వెనక అర్ధచంద్రాకారంలో చెక్క తీసేశాను. ఇనప పలకకున్న గాళ్లలోంచి బోల్టులు వేసి బిగించాను.

బిగించాకగానీ నా తెలివి బయటపడలేదు. బల్లను పైకీ కిందికీ కదిపే పిడి కొత్త బల్ల అంచుకు తగిలి సగం చుట్టే తిరిగింది! బల్ల విప్పి, కింద రెండు చెక్క దిమ్మెలు వేసి ఎత్తు పెంచాక పిడి తిరిగింది. కాగితం మీద గీసేటప్పుడు బల్లనొక్కదాన్నే గీసి, పిడిని గీయకపోవడమే నా పొరపాటు.

బరమా దిగే చోట 75 మిల్లీమీటర్ల చదరపు గుంట చేసి, అందులో విడి పలక అమర్చాను. అవతలి దాకా తొలిచేటప్పుడు అడుగున దన్ను లేకపోతే చెక్క పెచ్చులూడుతుంది. ఆ దన్ను ఈ పలకే. దాని మధ్యబిందువు సరిగ్గా బరమా కింద ఉండకూడదన్నారు మేస్త్రీ గారు. కొంచెం పక్కకు ఉంటే, పాడైనప్పుడల్లా పలకను తిప్పి పెట్టి నాలుగు కొత్త చోట్లు వాడుకోవచ్చు.

వెనక అడ్డపట్టీ ఉండాలి. అది బల్ల అంచుకు సమంగా ఉండనక్కర్లేదని తెలిసి ఆశ్చర్యపోయాను. బరమా నుంచి పట్టీకి ఉన్న దూరమొక్కటే లెక్క. కాబట్టి ఒక కొసన బోల్టు, రెండో కొసన క్లాంపు చాలు. పైనుంచి చూస్తే బరమా గడియారం ముల్లులా తిరుగుతుంది. చెక్క ఇరుక్కుంటే దాని ఎడమ కొస వెనక్కి తోసుకుపోయి పట్టీని తాకి ఆగుతుంది. నా వేలిని కాపాడగలిగింది ఈ పట్టీయే. అయినా చెక్కను క్లాంపుతో బిగించకుండా నేనిక మీట నొక్కను.

బల్ల నిటారుగా ఉందో లేదో చూడడానికి మందపాటి తీగను వంచి, చక్‌లో బిగించి, ప్లగ్ తీసేసి చేత్తో తిప్పాను. తీగ కొన నాలుగు వైపులా ఒకేలా తాకాలి. ఎడమవైపు తాకలేదు. అటు కింద నాలుగు మడతల కాగితం పెడితే సరిపోయింది.

ఇక ఊచల లెక్క. ఉయ్యాల ఊచల మధ్య ఎడం ఎక్కువైతే బిడ్డ ఒళ్లు దూరి తల ఇరుక్కునే ప్రమాదముంది. అమెరికాలో పసిపిల్లల మంచాలకు 60 మిల్లీమీటర్లు మించరాదన్న నియమం 1970ల నుంచే ఉంది. నేను 16 మిల్లీమీటర్ల ఊచలు తీసుకుని, రంధ్రం మధ్య నుంచి రంధ్రం మధ్యకు 65 పెట్టుకున్నాను. ఎడం 49 అవుతుంది. నాలుగు పట్టీలు, ఒక్కోదానికి 13 రంధ్రాలు, మొత్తం 52.

పెన్సిలు గుర్తులతో 52 వేస్తే తేడాలు చక్రవడ్డీలా పెరుగుతాయి. అందుకని అడ్డపట్టీకి చిన్న చెక్క చెయ్యి తగిలించి, బరమాకు సరిగ్గా 65 దూరంలో ఒక చీల దిగేలా చేశాను. తొలిచిన రంధ్రంలో చీల దించితే తర్వాతి రంధ్రం తన చోటుకే వస్తుంది. కొలతలో వెంట్రుకవాసి తప్పున్నా పై పట్టీ, కింది పట్టీ ఒకే తప్పు చేస్తాయి. రెండు పద్దులూ సరిపోతాయి, ఊచలు నిటారుగా నిలుస్తాయి!

బారసాలకు రెండు రోజుల ముందు ఉయ్యాల పూర్తయింది. మా శ్రీమతి ఒక కూల్‌డ్రింక్ డబ్బా తెచ్చి, 24 సందుల్లోనూ ఒక్కొక్కటిగా తోసి చూసింది. ఎక్కడా దూరలేదు. ఇరవై ఒకటో రోజున మనవరాలిని అందులో పడుకోబెట్టాం.

"యంత్రం ఉండనివ్వండి. ఆ గది తాళం మాత్రం నా దగ్గరే ఉంటుంది" అంది. బ్యాంకులో ఖజానా తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి. అదే పద్ధతి ఇంట్లోనూ అమల్లోకి వచ్చింది. నాకేం అభ్యంతరం లేదు.