చలిసీమలో ఒరిగిన మోటారు సైకిలు

మోటారు సైకిలు వేగముగ పోవునపుడు పడుట వేరు. నిలిపిన చోటనే ఒరిగి పడుట వేరు. రెండవదానిని ఎవ్వరును ప్రమాదముగ లెక్కింపరు. నలుదిక్కులు చూచి, సిగ్గుతో లేవనెత్తి, దుమ్ము దులిపి సాగిపోవుదురు. మన మైదానములలో ఇది చాలవరకు చెల్లును. మనాలి నుండి లేహ్ పోవు హిమాలయమార్గమున మాత్రము ఈ తొందరయే ప్రాణముమీదికి తెచ్చును. హైదరాబాదు నుండియు, విజయవాడ నుండియు ఆ దారి పట్టు యువకులు పలువురు కలరు. వారికిని, వారిని పంపి ఇంటివద్ద ఎదురుచూచు పెద్దలకును ఈ నాలుగు మాటలు.

ఆ దారిలో సర్చూ అను మజిలీ 4,200 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. సెప్టెంబరు రాత్రులందు అచట నీరు గడ్డకట్టుట వింత కాదు. రాత్రి రాయివలె బిగిసిన తడినేల, ప్రొద్దెక్కి ఎండ సోకగనే బురదయగును. సైడు స్టాండు అందులో దిగబడును; బండి మెల్లగ ఒరిగిపోవును. స్టాండు క్రింద ఒక పలకరాయి పెట్టియుండినచో ఇంత కథ జరుగదు. ఇక కొండనీడ పడు మలుపులలో, రాత్రి పారిన నీరు అద్దమువలె గడ్డకట్టియుండును. చలికి టైరు రబ్బరు బిరుసెక్కి పట్టు తగ్గును.

బండి పడిన వెంటనే ఇంజను ఆపవలెను. పెట్రోలు కుళాయి యున్న బండియైనచో దానిని కట్టవలెను. చుట్ట, సిగరెట్టు దరి చేరనీయరాదు. బండి కుడివైపునకు పడినచో, లేపుటకు ముందే ఎడమనున్న స్టాండును దించి యుంచవలెను. లేనిచో లేచిన బండి ఆవలివైపునకు పడును. సీటునకు వీపానించి మోకాళ్ళ బలముతో లేవవలెనే గాని, నడుము వంచి లాగరాదు. అంత ఎత్తున గాలి పలుచన. తోడు దొరకువరకు ఆగుట మేలు. నిలబెట్టిన పిదప కొన్ని నిమిషములు విడువవలెను. ఒరిగిన ఇంజనులో చమురు చేరరాని చోట చేరియుండవచ్చును. అది దిగుటకు వ్యవధి కావలెను.

ఇక లివర్ల సంగతి. పడినపుడు మొదట దెబ్బ తినునవి ఇవియే. బ్రేకు, క్లచ్చి లివర్లు సాధారణముగ అల్యూమినియపు మిశ్రలోహముతో చేసినవి. విరిగినపుడు "చలికి పెళుసెక్కినది" అనుట వాడుక. ఆ మాట సరికాదు. కొన్ని ఉక్కులు తీవ్రమైన చలిలో పెళుసగును. ప్లాస్టిక్కులు పెక్కు పెళుసగును. అల్యూమినియమునకు ఆ గుణము లేదు. దానిని చెరచునది వంపు. ఒకమారు వంగినచోట కంటికి కనబడని పగుళ్ళు పుట్టవచ్చును. మరల నిటారు చేయబోయినపుడు అవి పెరుగును. చేతిలోనే విరిగినచో అదృష్టమే. సగము పగిలి, పైకి చక్కగ కనబడుచు, 5,300 మీటర్ల ఎత్తైన టాగ్లాంగ్ లా కనుమ దిగునపుడు బ్రేకు గట్టిగ పట్టగనే విరిగినచో గతియేమి? కావున వంగిన లివరు వ్రేళ్ళకందుచు పనిచేయుచున్నంతవరకు, ఎంత వికారముగ నున్నను దాని జోలికి పోరాదు. క్రొత్తది ఒకటి సంచిలో ఉండవలెను, దాని బరువెంత? మరియు లివరును హ్యాండిలునకు పట్టియుంచు మరలను మితిమీరి బిగింపక, బలముగ నెట్టినచో తిరుగునట్లుంచుట అనుభవజ్ఞుల పద్ధతి. దెబ్బ తగిలినపుడు లివరు విరుగక ప్రక్కకు తిరిగిపోవును.

కాలిగేరు లివరు ఉక్కుదైనచో దానిని సరిచేయవచ్చును. అయితే ఇరుసునుండి ఊడదీసి వంచవలెను. ఉన్నచోటనే సుత్తితో కొట్టినచో ఇరుసు వంగును, కేసింగు పగులును. పది నిమిషముల పని పదిదినముల పనియగును.

ఇంజను కేసింగు చిట్లి చమురు కారుచున్నచో, రెండు ముద్దలు కలిపి పిసికి అంటించు ఎపాక్సీ అక్కరకు వచ్చును. పలువురు మోసపోవునది ఇచటనే. ఆ పదార్థము గట్టిపడుట ఒక రసాయనచర్య. చల్లదనము హెచ్చినకొలది అది మందగించును, నీరు గడ్డకట్టు చలిలో దాదాపు నిలిచిపోవును. పైపైన బిగిసినట్లుండి, ఇంజను కదలగనే ఊడివచ్చును. కావున ముద్దను చొక్కాలోపల ఒంటికానించి వెచ్చగ నుంచుకొనవలెను. చమురును శుభ్రమైన డబ్బాలోనికి దింపి, పగులుచోటును జిడ్డు లేకుండ తుడిచి, గరుకుకాగితముతో రుద్ది, వేడినీటి సీసాతో కాచి, పిదప అంటింపవలెను. మంట చూపరాదు. ఒక రాత్రి బండిని గదిలోనో, కప్పుక్రిందనో ఉంచగలిగినచో మరియు మంచిది. చిట్లిన ప్లాస్టిక్కు మడ్గార్డును గూడ ఎండలో వెచ్చబడనిచ్చి వంచవలెను. పగులు కొసను సన్నని రంధ్రము చేసినచో అది ముందునకు సాగదు.

నీటితో చల్లబడు ఇంజనైనచో రేడియేటరు చూడవలెను. తగ్గినదని వట్టినీరు పోసినచో రాత్రికి గడ్డకట్టి, సుమారు నూటికి తొమ్మిదివంతులు ఉబ్బి, రేడియేటరును చీల్చును.

బయలుదేరుటకు ముందు ముందుబ్రేకును రెండుమూడు మార్లు నొక్కి చూడవలెను. మెత్తగ దిగిపోయినచో గొట్టములో గాలి చేరినదని గుర్తు. పిదప హ్యాండిలును ఒక కొసనుండి మరియొక కొసకు త్రిప్పుచు యాక్సిలరేటరును తిప్పి వదలవలెను. తీగలో మంచునీరు చేరి గడ్డకట్టియున్నచో అది వెనుకకు రాదు. అట్టి బండిని, ఎంత ప్రొద్దు పోయినను, ఎండ ముదిరి తీగ సడలువరకు కదలింపరాదు.