ముందు సరిచూసుకోండి, ఆ తర్వాతే పబ్లిష్ చేయండి

మామిడి, నిమ్మ, బెల్లం, పసుపు - ఏది అమ్ముకునే రైతయినా సొంతంగా ఒక వెబ్‌సైట్ పెట్టుకోవచ్చు. పట్నంలో కొనేవారు దాన్ని చూసి దళారీతో పని లేకుండా నేరుగా మీకే ఫోను చేసే వీలుంటుంది. ఇందుకు కంప్యూటర్ చదువులేవీ అక్కర్లేదు. గూగుల్ ఖాతా ఉంటే 'గూగుల్ సైట్స్'లో పైసా ఖర్చు లేకుండా పేజీ తయారవుతుంది. ఫోను కన్నా కంప్యూటర్ మీద ఈ పని తేలిక.

అయితే పేజీ తయారు చేయడం ఒక ఎత్తు, దాన్ని నలుగురికీ చూపించడం ఇంకో ఎత్తు. మీరు రాసింది ఎప్పటికప్పుడు దానంతటదే సేవ్ అవుతుంది కానీ బయటివారికి కనపడదు. నారుమడిలో నారు ఉన్నట్టే అనుకోండి. పబ్లిష్ చేస్తేనే పొలంలో నాటినట్టు.

ప్రివ్యూలో ఏం చూడాలి?

పేజీ పైభాగంలో ఫోను, కంప్యూటర్ బొమ్మలున్న ప్రివ్యూ గుర్తు నొక్కండి. మీ సైటు ఫోనులో, ట్యాబ్లెట్‌లో, పెద్ద తెర మీద ఎలా కనిపిస్తుందో విడివిడిగా చూపిస్తుంది. కొనేవారు ఎక్కువగా ఫోనులోనే చూస్తారు గనుక ముందు ఫోను తెర సరిచూసుకోవాలి.

* ఫోను నంబరు ఒక్కో అంకె చదివి, ఆ నంబరుకే ఒకసారి రింగ్ ఇచ్చి చూడండి.
* ధర కిలోకా, పెట్టెకా? పెట్టెలో ఎన్ని కిలోలు? రవాణా ఖర్చు ఎవరిది? ఇవి స్పష్టంగా ఉండాలి.
* ఫొటోలు మీ తోటవే పెట్టండి.
* సర్టిఫికెట్ లేకుండా 'సేంద్రియ' ముద్ర వేయకండి.
* ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ వివరాలు పెట్టనే వద్దు. పబ్లిష్ చేశాక ఎవరైనా చూడొచ్చు.

పబ్లిష్ చేసేటప్పుడు

మొదటిసారి పబ్లిష్ బటన్ నొక్కితే సైటుకు చిరునామా అడుగుతుంది. చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో, ఫోనులో చెబితే రాసుకోగలిగేంత పొట్టిగా పెట్టుకోండి. ఎవరు చూడవచ్చన్న చోట 'అందరూ' అని ఉందో లేదో గమనించండి. ఆ తర్వాత వేరొకరి ఫోనులో తెరిచి చూడండి.

చాలామంది పొరబడేది దీని తర్వాతే. ఉదాహరణకు కిలో 60 రూపాయలని పబ్లిష్ చేశారు. వారం తర్వాత 80కి మార్చారు. మళ్లీ పబ్లిష్ నొక్కకపోతే చూసేవారికి 60 రూపాయలే కనిపిస్తుంది. ఆ ధరకే ఇమ్మని అడిగితే తగాదా, ఇస్తే నష్టం. ఏ చిన్న మార్పు చేసినా మళ్లీ పబ్లిష్ చేయాల్సిందే. అప్పుడు పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కనే చూపిస్తుంది. తేడా చూసుకుని ఖాయం చేయండి.

కాయ అయిపోయాక 'ఈ ఏడాది అమ్మకం ముగిసింది' అని రాసి పబ్లిష్ చేస్తే సరిపోతుంది. సైటే వద్దనుకుంటే పబ్లిష్ బటన్ పక్కనున్న బాణం గుర్తులో రద్దు చేసే వీలుంది. రద్దు చేసినా మీరు రాసింది పోదు.

ఖాతా మీదే కావాలి

నెట్ సెంటర్లో చేయించుకుంటే వాళ్ల ఖాతాలో కాకుండా మీ ఖాతాలోనే చేయించండి. వాళ్ల ఖాతాలో చేస్తే రేపు ధర మార్చాలన్నా వాళ్ల చుట్టూ తిరగాలి. పాస్‌వర్డ్ మీరే కొట్టండి, లేచే ముందు లాగౌట్ అవండి. రాసిన వివరాలు, ఫొటోలు మీ దగ్గర మరో ప్రతి ఉంచుకోండి. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది. గూగుల్ సైట్స్ వేరు, అది నడుస్తూనే ఉంది. అయినా విత్తనం కొంత ఇంట్లో దాచుకోవడం రైతుకు కొత్త కాదు కదా.