ఫొటోలున్నాయి, పేర్లేవి?

వేల ఫొటోలు కంప్యూటర్లలోకి చేరుతున్నాయి. వెతికినప్పుడు దొరకాలంటే మాత్రం కీవర్డులే దిక్కు. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు ఆ పని చేసుకునే వ్యవధి తరిగిపోతోంది

కంప్యూటర్‌లో 'ట్రాఫిక్' అని కొట్టి ఫొటోలు వెతకండి. బారులు తీరిన లారీలు, సిగ్నల్ దగ్గర ఆగిన స్కూటర్లు ప్రత్యక్షమవుతాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తెలుగువారికి మాత్రం ట్రాఫిక్ అంటే రద్దీ కాదు. రైల్వే కాలనీలో అదో పేట. ఇక రైల్వే పరిభాషలో ఆ మాటకు అర్థం రైళ్ల రాకపోకలు చూసే విభాగం. మాట ఒకటే, అర్థాలు మూడు. ఏ ఫొటోలో ఏ అర్థమో యంత్రానికి తెలియదు, మనిషే చెప్పాలి. అలా చెప్పడానికి ఫొటోకు తగిలించే చిన్న మాటే కీవర్డ్.

ఖరగ్‌పూర్‌లో ఇది కాలక్షేపం వ్యవహారం కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన లైన్లను వాల్తేరు దాకా నడిపింది. ఆ దారినే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల జనం వర్క్‌షాపులో, యార్డులో పనికి వచ్చి స్థిరపడ్డారు. వారి జీవితం ట్రంకు పెట్టెల్లోని ఫొటోల్లో ఉంది. రిటైర్మెంట్ నాడు మెడలో దండలతో తీయించుకున్నవి, మాతా పూజ ఊరేగింపులో తీసినవి, స్కూలు గ్రూపు ఫొటోలు. వాటిని మనవలు స్కాన్ చేస్తున్నారు. చిక్కేమిటంటే, చాలామంది ముందు వైపే స్కాన్ చేస్తారు. పేర్లు ఉండేది వెనక వైపు. తాతలు సిరాతో తెలుగులో రాసిన ఆ వరుసలను హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ మీడియంలో చదివిన పిల్లలందరూ చదవలేరు. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి 2020 డిసెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ హోదా వచ్చినంత మాత్రాన ఫొటోలో ఉన్నదెవరో తెలియదు.

తాతయ్య అంటే ఎవరి తాతయ్య?

కీవర్డులు పెట్టేవారు చేసే మొదటి పొరపాటు తోచిన మాటల్లా చేర్చడం. ఒకరోజు 'ఊరేగింపు', మర్నాడు 'ప్రొసెషన్', ఇంకోనాడు 'జాతర'. నెల తిరిగేసరికి ఒకే సంగతికి మూడు పేర్లు. ఏది వెతికినా మూడో వంతే దొరుకుతుంది. అందుకే లైబ్రరీలు ముందుగా మాటల పట్టిక తయారు చేసుకుని, అందులో ఉన్నవే వాడతాయి. ఇంటి ఫొటోలకూ అదే మందు.

పట్టికలోని మాటలను కొమ్మలుగా విడదీయడం రెండో మెట్టు. మనుషులు, స్థలాలు, సందర్భాలు, వస్తువులు అనే నాలుగు కొమ్మలు చాలు. ఉత్తరాంధ్రలో సింహాచలం కొండ పేరే కాదు, మనిషి పేరు కూడా. ఒకటి స్థలాల కింద, మరొకటి మనుషుల కింద ఉంటే గొడవ ఉండదు. భారత్, పశ్చిమ బెంగాల్, ఖరగ్‌పూర్, రైల్వే కాలనీ అనే వరుసలో చివర చేరితే ట్రాఫిక్ కూడా లారీల మధ్య చిక్కుకోదు.

వరసలు కీవర్డులుగా పనికిరావు. మనవడికి 'తాతయ్య' అయినాయన కూతురికి 'నాన్న', మేనల్లుడికి 'మావయ్య'. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, కుదిరితే సొంత ఊరు చేర్చాలి. ఒక్క అప్పారావు అని రాస్తే రైల్వే పేటల్లో ఎంతమంది తేలతారో లెక్కలేదు.

ఊళ్ల పేర్లది మరో తంటా. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. ఖరగ్‌పూర్ ఉన్న మేదినీపూర్ జిల్లా 2002లో రెండయింది. ఇక్కడి రైల్వే 1955లో ఆగ్నేయ రైల్వే అయింది. కాబట్టి పాత పేరు, కొత్త పేరు రెండూ ఉండాలి. ఒక కీవర్డుకు పర్యాయపదాలు జోడించే వీలు లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఉంది. తెలుగు, ఇంగ్లీషు స్పెల్లింగులనూ అలాగే కలిపేయొచ్చు.

పొగడ్తలను కీవర్డులు చేయకపోవడమూ మంచిదే. 1,072.5 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారానికి ఒకప్పుడు 'ప్రపంచంలోనే పొడవైనది' అన్న పేరుండేది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో 1,507 మీటర్లతో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. 'ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం' అన్న కీవర్డ్ మాత్రం ఎప్పటికీ తప్పు కాదు.

కంటికి కనిపించని గుర్తు

తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా రెండు ఇబ్బందులున్నాయి. ఖరగ్‌పూర్ అని రాసేటప్పుడు 'గ్' పక్కన 'పూ' ఒత్తుగా మారకుండా మధ్యలో కనిపించని గుర్తు ఒకటి చేరుతుంది. ఒకసారి ఆ గుర్తుతో, మరోసారి అది లేకుండా రాస్తే కంప్యూటర్ వాటిని రెండు వేర్వేరు మాటలుగా చూసే ప్రమాదముంది. ప్రతిసారీ టైప్ చేయకుండా పట్టికలోంచి ఎంచుకోవడమే దీనికి విరుగుడు. రెండోది స్థలాభావం. వార్తా సంస్థల కోసం ఐపీటీసీ రూపొందించిన పాత పద్ధతిలో ఒక్కో కీవర్డుకు 64 బైట్లే హద్దు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటి మూడు బైట్లు తింటుంది. అంటే 21 గుర్తులకే గది నిండిపోతుంది. 2001లో అడోబీ తెచ్చిన ఎక్స్ఎంపీ పద్ధతిలో ఆ హద్దు లేదు.

అంతకన్నా పెద్ద ప్రశ్న, కీవర్డ్ ఎక్కడ ఉంటుందన్నది. సాఫ్ట్‌వేర్ సొంత ఖాతాలోనే ఉంటే దానితోనే పోతుంది. గూగుల్ 2016లో పికాసాను ఆపేసింది. అందులో ముఖాలకు పెట్టిన పేర్లు, ప్రత్యేకంగా సెట్ చేసుకుంటే తప్ప, ఫొటో ఫైల్‌లోకి చేరేవి కావు. లైట్‌రూమ్ కూడా చెబితేనే కీవర్డులను ఫైల్‌లోకి రాస్తుంది. ఉచితంగా దొరికే డిజీకామ్‌లోనూ ఆ ఏర్పాటు ఉంది. ఇంత చేసి ఫొటోను మామూలుగా వాట్సాప్‌లో పంపితే సమాచారం ఊడిపోతుంది. అసలు ఫైల్‌ను డాక్యుమెంట్‌గా పంపడం, విడిగా మరో కాపీ దాచుకోవడం మేలు.

ఫోన్లు ముఖాలను గుర్తుపట్టి ఒకచోట చేరుస్తాయి. పేరు మాత్రం మనిషే చెప్పాలి. ఇక కాలం సంగతి. ఒక్కో ఫొటోకు పది సెకన్లు పట్టినా 20 వేల ఫొటోలకు 55 గంటలు దాటుతుంది. అందుకని ముందు సందర్భాల వారీగా విడదీసి, ఒక పెళ్లి ఫొటోలన్నింటికీ ఊరు, ఏడాది, సందర్భం ఒకేసారి తగిలించాలి. విడివిడిగా చేయాల్సింది పేర్లే.

ఆ పనికి పదిమంది సాయం తీసుకోవచ్చు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008 జనవరిలో సుమారు మూడు వేల పాత ఫొటోలను ఫ్లికర్‌లో పెట్టి జనాన్ని అడిగింది. నెలల్లోనే 67 వేలకు పైగా ట్యాగులు వచ్చిపడ్డాయి. జనం చెప్పిన వివరాలను సరిచూసి 500కు పైగా రికార్డులను మెరుగుపరిచారు. ఖరగ్‌పూర్‌కు అంత దూరం వెళ్లాల్సిన పని కూడా లేదు. దేశంలోని గ్రంథాలయాల వివరాలను ఒకేచోట వెతుక్కునే నేషనల్ డిజిటల్ లైబ్రరీని నడిపేది ఊళ్లోని ఐఐటీయే. అదీ ఇలాంటి వివరాల మీద నడిచేదే.

ముందుగా చేయాల్సింది ఖర్చులేని పని. ఫొటో వెనక వైపు కూడా స్కాన్ చేయాలి. ఇంట్లో పెద్దవారిని కంప్యూటర్ పక్కన కూర్చోబెట్టుకుని ఎడమ నుంచి వరుసగా పేర్లడగాలి. ప్లాట్‌ఫారం పొడవును ఎవరైనా మళ్లీ కొలవగలరు. దాని మీద దండ వేసుకుని నిలబడ్డాయన పేరు చెప్పగలిగేవారు మాత్రం ఏటా తగ్గిపోతున్నారు.