చేతి అల్లిక కానుకల మార్పిడి

చేతి అల్లిక కానుకల మార్పిడి అనగా కొందరు అల్లికదారులు ఒక బృందముగా ఏర్పడి, ఊలుతో గాని నూలుతో గాని స్వయముగా అల్లిన వస్తువులను, ముందుగా అంగీకరించిన నియమముల ప్రకారము, ఒకరికొకరు కానుకగా ఇచ్చిపుచ్చుకొనే పద్ధతి. ఆంగ్లము మాట్లాడే దేశములలో దీనిని "నిట్టింగ్ స్వాప్" అని పిలుస్తారు. టోపీలు, మఫ్లర్లు, మేజోళ్ళు, చేతితొడుగులు, వంటింట్లో పాత్రలు తుడిచే నూలు గుడ్డలు ఇందులో ఎక్కువగా కనిపిస్తాయి. డబ్బు చేతులు మారదు. ప్రతి ఒక్కరు ఒకటి ఇస్తారు, ఒకటి పుచ్చుకొంటారు. అయితే తాము ఇచ్చినవారి నుండే తిరిగి రావలెనన్న నియమము చాలా బృందములలో ఉండదు.

పేరు గురించి

తెలుగులో "అల్లిక" విస్తృతమైన మాట. బుట్టను, జడను, నులక మంచమును, పూలమాలను కూడా అల్లుతాము. ఈ వ్యాసములో అల్లిక అనగా రెండు లేక అంతకంటె ఎక్కువ సూదులపై కుట్లను నిలిపి, ఒక్కొక్క కుట్టులోనుండి దారమును లాగుతూ వరుసలు పెంచే నిట్టింగు మాత్రమే. కొక్కెము ఉన్న ఒకే సూదితో చేసే పనిని క్రోషియా అంటారు. పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన నరసాపురము లేసు ఈ రెండవ రకమునకు చెందినది. దానిని నిట్టింగు అనుకొనుట తరచుగా జరిగే పొరపాటు. మార్పిడి బృందములు కొన్ని రెండింటిని అనుమతిస్తాయి, కొన్ని అనుమతించవు.

పూర్వరూపములు

అల్లిన వస్తువును కానుకగా ఇచ్చే ఆచారమునకు బాల్టిక్ తీరములోని లాట్వియా మంచి ఉదాహరణ. అక్కడ పూర్వము పెళ్ళికూతురు తన వివాహమునకు ఎన్నో సంవత్సరముల ముందునుండే చేతితొడుగులు అల్లి పెట్టెలో దాచుకొనేది. పెళ్ళినాడు వాటిని అత్తమామలకు, వరుని బంధువులకు, పెళ్ళి పనులు చేసినవారికి పంచేవారు. ప్రాంతమును బట్టి రంగులు, నమూనాలు మారేవి. అల్లిక పనితనము చూసి కొత్త కోడలి ఓర్పును, నైపుణ్యమును అంచనా కట్టేవారు. కనుక ఇది కేవలము సరదాకు ఇచ్చే కానుక కాదు, ఒకరకముగా పరీక్ష కూడా. 2006 నవంబరులో లాట్వియా రాజధాని రీగాలో నాటో శిఖరాగ్ర సమావేశము జరిగినపుడు, అతిథులకు ఇచ్చుటకు సుమారు 4,500 జతల చేతితొడుగులను దేశములోని మహిళలు చేతితో అల్లారు.

ఎవరు ఇచ్చారో చెప్పకుండా కానుక ఇచ్చే పద్ధతి స్కాండినేవియా, ఉత్తర జర్మనీ ప్రాంతములలో "యూల్‌క్లాప్" అనే పేరుతో ఉండేది. క్రిస్మసు వేళ తలుపు తట్టి, పొట్లమును లోపలికి విసిరి, ఇచ్చినవారు కనబడకుండా పోయేవారు. నేడు కార్యాలయములలో ఆడే "సీక్రెట్ శాంటా" ఈ కోవకు చెందినదే. అల్లిక మార్పిడులు చాలావరకు ఈ గోప్యతను పాటిస్తాయి.

2000 తరువాతి దశాబ్దములో అంతర్జాలము వలన దూరదేశముల అల్లికదారులకు పరిచయములు పెరిగి, మార్పిడులు విస్తరించాయి. అల్లికదారుల కొరకు రావెల్రీ అనే వేదిక అమెరికాలో 2007లో ప్రారంభమైనది. 2006లో మొదలైన "సాక్ వార్స్" అనే ఆట ఈ పద్ధతికి ఒక విచిత్రమైన రూపము. అందులో ప్రతి ఒక్కరు తమకు కేటాయించిన వ్యక్తికి మేజోళ్ళు అల్లి పంపాలి. అవి చేరగానే ఆ వ్యక్తి "చనిపోయినట్లు" లెక్క. తాను సగములో వదిలిన మేజోళ్ళను తనను ఓడించినవారికి పంపివేయాలి. ఓడినవారికి కూడా కొత్త మేజోళ్ళు దక్కుట ఈ యుద్ధములోని విశేషము.

జతలు కలుపుట

నిర్వాహకులు మొదట పేర్లు, గడువు, ఊలు ఖర్చుకు పరిమితి నిర్ణయిస్తారు. తరువాత ఎవరు ఎవరికి అల్లాలో తేల్చాలి. చీట్లు వేసి తీయుట అందరికీ తెలిసిన పద్ధతి. కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది. నలుగురు సభ్యులు నాలుగు చీట్లు తీస్తే మొత్తము 24 విధములుగా పంపకము జరుగవచ్చు. వాటిలో ఎవరి చీటీ వారికే రాని విధములు 9 మాత్రమే. అయిదుగురైతే 120లో 44. సభ్యులు ఎంతమంది ఉన్నా ఈ నిష్పత్తి నూటికి 37 దగ్గరనే నిలుస్తుంది. అనగా మూడు పర్యాయములలో దాదాపు రెండు సార్లు కనీసము ఒకరికి తమ పేరే వచ్చి, చీట్లను మరల కలపవలసి ఉంటుంది. గణితములో ఈ విధమైన పంపకమును "డిరేంజ్‌మెంట్" అంటారు.

దీనికి సులభమైన ఉపాయము వలయము. పేర్లను కలిపి ఒక వరుసలో వ్రాసి, ప్రతి ఒక్కరు తమ తరువాతి వారికి, చివరివారు మొదటివారికి ఇస్తారు. ఎవరి పేరు వారికి రాదు. ముగ్గురు లేక అంతకు మించి ఉంటే ఇద్దరు పరస్పరము ఇచ్చుకొనే జత కూడా ఏర్పడదు.

ఇట్టి వలయము మానవశాస్త్రమునకు కొత్త కాదు. పాపువా న్యూగినీకి చెందిన ట్రోబ్రియాండ్ దీవులలోని "కులా" మార్పిడిని బ్రోనిస్లా మలినోవ్‌స్కీ 1922లో వెలువడిన తన గ్రంథములో వర్ణించాడు. అక్కడ ఎర్రని గవ్వల హారములు దీవుల చుట్టూ ఒక దిశలోను, తెల్లని గవ్వల దండకడియములు దానికి ఎదురు దిశలోను తిరుగుతాయి. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో కానుకలపై ప్రచురించిన వ్యాసములో ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి ఇచ్చుట అనే మూడు బాధ్యతలను వివరించాడు. తెలుగువారి పెళ్ళిళ్ళలో చదివింపుల పద్దు వ్రాసి ఉంచుకొనుట మూడవ బాధ్యతకు, వాయనము అందుకొన్న ముత్తైదువ అందినట్లు నోటితో చెప్పుట రెండవ దానికి ఉదాహరణలుగా తీసుకొనవచ్చు. అల్లిక మార్పిడిలో కూడా పొట్లము అందినదని వెంటనే తెలియజేయుట ముఖ్యమైన నియమము. పంపిన వ్యక్తికి అంతకు మించిన ఆందోళన మరొకటి ఉండదు.

ప్రశ్నావళి, కొలతలు

ముఖము ఎరుగని మనిషికి అల్లవలసి వచ్చినపుడు ప్రశ్నావళి తప్పనిసరి. పాదము పొడవు, అరచేతి చుట్టుకొలత, తల చుట్టుకొలత, ఇష్టమైన రంగులు, అసలు ఇష్టము లేని రంగులు, ఊలు పడుతుందా లేదా, బట్టలు చేతితో ఉతుకుతారా యంత్రములో వేస్తారా అనే విషయములు అడుగుతారు. ఇంట్లో పిల్లులు, కుక్కలు ఉన్నవా, పొగ త్రాగేవారు ఉన్నారా అని అల్లేవారిని కూడా అడుగుతారు. ఊలు వాసనలను పట్టి ఉంచుతుంది గనుక ఇది అనవసరపు ప్రశ్న కాదు.

కొలతలలో అన్నింటికంటె కీలకమైనది గేజి. 10 సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని కుట్లు పడుతున్నవో దానిని గేజి అంటారు. ఒకే ఊలు, ఒకే సూదులు వాడినా ఒకరి చేయి బిగువు, మరొకరి చేయి వదులు. 56 సెంటీమీటర్ల తలకు టోపీ 51 సెంటీమీటర్లు ఉంటే సాగి చక్కగా పట్టుకొంటుంది. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు పడితే సూదిపై 112 కుట్లు ఎక్కించాలి. అదే 112 కుట్లను వదులు చేయి గలవారు 20 కుట్ల గేజితో అల్లితే టోపీ 56 సెంటీమీటర్లకు పెరిగి కళ్ళమీదకు జారుతుంది. బిగువు చేయి గలవారు 24 కుట్ల గేజితో అల్లితే 47 సెంటీమీటర్లకు తగ్గి తలకు ఎక్కదు. అందుచేత ముందుగా ఒక చిన్న ముక్క అల్లి, ఉతికి, ఆరిన తరువాత కొలుచుకొనవలెను. ఉతకకుండా కొలిచిన కొలత నమ్మదగినది కాదు.

మొదటిసారి పాల్గొనేవారికి మఫ్లరు మేలు. అది ఎవరికైనా సరిపోతుంది. స్వెట్టరును దాదాపు ఏ బృందము కోరదు. కొలతలు ఎక్కువ, శ్రమ మరీ ఎక్కువ. ప్రియునికి స్వెట్టరు అల్లితే అది పూర్తి అయ్యేలోపుననో, అయిన వెంటనేనో స్నేహము చెడుతుందని అమెరికా అల్లికదారులలో ఒక నమ్మకము కూడా ఉన్నది. దీనిని "స్వెట్టరు శాపము" అంటారు.

దారము ఎంపిక

గొర్రె ఊలు పోగులపై సన్నని పొలుసులు ఉంటాయి. వేడినీటిలో వేసి రాపిడి కలిగిస్తే ఆ పొలుసులు ఒకదానితో ఒకటి చిక్కుకొని బట్ట కుదించుకుపోయి కంబళిలా గట్టిపడుతుంది. తెలియక యంత్రములో వేసిన ఒక్క ఉతుకుతో వారముల శ్రమ చిన్నపిల్లల కొలతకు మారిపోవచ్చు. "సూపర్‌వాష్" అని వ్రాసి ఉన్న ఊలులో ఈ పొలుసులను రసాయనములతో తగ్గించి గాని, పైన పలుచని పూత పూసి గాని ఉంటారు. కనుక కానుకలకు అది క్షేమము. మేజోళ్ళకు ముప్పాతిక వంతు ఊలు, పాతిక వంతు నైలాను కలిసిన దారము వాడుట పరిపాటి. మడమ వద్ద త్వరగా అరగదు.

ఊలు గుచ్చుకొంటుందని చెప్పేవారిలో చాలామందికి కారణము పోగు లావు. సుమారు 30 మైక్రాన్ల కంటె లావైన పోగుల కొనలు చర్మమును పొడుస్తాయి. మెరీనో జాతి గొర్రెల పోగులు సాధారణముగా 24 మైక్రాన్లకు లోపు గనుక మెత్తగా ఉంటాయి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల వంటి వేడి ప్రదేశములలో ఉండేవారికి నూలు దారమే ఉచితము. అయితే నూలుకు ఊలువలె సాగే గుణము లేదు. కాబట్టి టోపీలకంటె గుడ్డలకు, సంచులకు అది బాగుంటుంది.

శ్రమ, విలువ

మార్పిడి నియమములలో పెట్టే ఖర్చు పరిమితి ఊలు ధరకు మాత్రమే వర్తిస్తుంది. శ్రమను ఎవరూ లెక్కించరు. 64 కుట్ల చుట్టుతో, 35 సెంటీమీటర్ల మొత్తము పొడవుతో, 10 సెంటీమీటర్లకు 44 వరుసలు పడే సన్నని మేజోడును తీసుకొంటే ఒక్కొక్క దానిలో 9,800 కుట్లకు పైగా, జతలో దాదాపు 20,000 కుట్లు ఉంటాయి. నిమిషమునకు 30 కుట్లు అల్లేవారికి కూడా 11 గంటలు పడుతుంది. మడమ, పాదపు కొన, విప్పి మరల అల్లిన భాగములు దీనికి అదనము.

ఇంట్లో కూర్చుని చేసే ఇట్టి పనిని తీరిక వేళ కాలక్షేపముగా చూసే అలవాటు అంతటా ఉన్నది. నరసాపురము లేసు అల్లే స్త్రీలపై జర్మను సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథము ఈ విషయమునే చర్చించినది. అక్కడ లేసు ఎగుమతి అయ్యే సరుకు, అల్లేవారికి జీవనాధారము. అయినా వారిని పనివారుగా కాక ఇల్లాండ్రుగానే లెక్కించారు. మార్పిడి బృందములోని పరిస్థితి వేరు. ఇక్కడ పుచ్చుకొనేవారు కూడా అల్లేవారే. ఒక చేతితొడుగు బొటనవ్రేలి వద్ద రంధ్రము పడకుండా కలుపుట ఎంత కష్టమో వారికి తెలుసు. కొని ఇచ్చిన కానుకల మార్పిడికి, దీనికి ఉన్న అసలు భేదము ఇదే అని చెప్పవచ్చు.

కానుక అందకపోవుట

ఈ పద్ధతికి ఉన్న బలహీనత కూడా అక్కడే ఉన్నది. ఒకరు పంపి, తమకు ఏమీ రాకపోతే నష్టము ఊలు ధరతో పోదు. అనారోగ్యము, ఉద్యోగపు ఒత్తిడి, తపాలాలో పొట్లము పోవుట, ఒక్కొక్కసారి కేవలము నిర్లక్ష్యము ఇందుకు కారణములు. వలయ పద్ధతిలో ఒకరు మానివేసినా లోటు ఒక్కరికే గాని, ఆ ఒక్కరు తమ వంతు పూర్తిగా నెరవేర్చినవారే అయి ఉంటారు. అందువలన అనుభవము గల నిర్వాహకులు మధ్యలో ఒక తేదీ పెట్టి పని ఎంతవరకు వచ్చినదో విచారిస్తారు, తపాలా రసీదు సంఖ్య అడుగుతారు. కానుక రానివారికి మరల అల్లి ఇచ్చుటకు ముందుగానే ఒప్పుకొన్న స్వచ్ఛంద సభ్యులు కొందరు ఉంటారు. వీరిని "ఏంజెల్" అనగా దేవదూత అని పిలుస్తారు. గడువు దాటిన తరువాత నెలరోజులలో మేజోళ్ళు అల్లి పంపే వీరి పని పేరుకు తగినదే. పంపనివారిని తరువాతి మార్పిడిలో చేర్చుకొనరు. ముందుగా కష్టము చెప్పుకొని తప్పుకొన్నవారి పట్ల మాత్రము సాధారణముగా ఉదారముగా ఉంటారు.

పొట్లము కట్టుట

అల్లిన వస్తువును ఉతికి, సరియైన ఆకారములో పరచి ఆరబెట్టి, తేమ తగలకుండా ప్లాస్టిక్ సంచిలో ఉంచి పంపుతారు. విదేశమునకు పంపేటప్పుడు తపాలా కార్యాలయములో సుంకపు ప్రకటన పత్రము నింపాలి. అందులో వస్తువు పేరు, బరువు, విలువ వ్రాయాలి. ఐరోపా సమాఖ్య దేశములలో ఒక వ్యక్తి మరొక వ్యక్తికి అరుదుగా పంపే, 45 యూరోల విలువ మించని కానుకలకు మినహాయింపు ఉన్నది. విలువను ఉన్నదానికంటె తక్కువ చేసి వ్రాయుట చట్టవిరుద్ధము. ఊలు ఉండ మీద ఉండే కాగితపు పట్టీని, మిగిలిన దారములో కొన్ని మీటర్లను కూడా పొట్లములో పెడతారు. పట్టీ చూసి ఎట్లా ఉతకాలో తెలుసుకొనవచ్చు. మడమ చిరిగిన రోజున అదే రంగు దారముతో రఫ్పు చేసుకొనవచ్చు.