పాత వంటపుస్తకము - కోలారు సీమ వంటయిల్లు

పాకశాస్త్ర గ్రంథములు మన దేశమునకు క్రొత్తవి కావు. 12వ శతాబ్దిలో చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసమున భోజ్యములకు పెద్దపీట వేయబడినది. 16వ శతాబ్ది తొలినాళ్ళలో మంగరసు కన్నడ షట్పదులలో సూపశాస్త్రమును రచించెను. కాని యవి ప్రభువుల పంక్తికి చెందినవి. ఒక సంఘపు గృహిణులు నిత్యము వండుకొను వంటలను, క్రొత్తగా కాపురమునకు వచ్చిన పిల్ల చదివి చేసికొనునట్లు వ్రాయుట అచ్చుయంత్రము వచ్చిన తరువాతి పని. దక్షిణాదిని ఇట్టివానిలో మిక్కిలి పేరొందినది 1951లో ఎస్. మీనాక్షి అమ్మాళ్ తమిళమున ప్రకటించిన 'సమైత్తుప్పార్'. 'వండి చూడు' అని దాని యర్థము. తమిళ బ్రాహ్మణ గృహముల వంటలను కూర్చిన యా గ్రంథము పెండ్లికూతుండ్ర పెట్టెలలో చేరినది. తరువాత ఇతర భాషలలోనికిని పోయినది.

ఇట్టి పుస్తకమును బంగారుపేటలోని యొక యింట తెరచినచో మొదటి చిక్కు కొలతల వద్దనే కలుగును. మైసూరు కమీషనరు బౌరింగు పేరిట బౌరింగుపేటగా వెలసిన యీ యూరు మదరాసు - బెంగుళూరు రైలుమార్గమున కూడలి. తెలుగు, కన్నడము, తమిళము మూడును ఇచట వినవచ్చును. ఒకే రాగివంటను తెలుగువారు సంగటి యనియు, కన్నడిగులు ముద్దె యనియు, తమిళులు కళి యనియు పిలుతురు. పేర్లు మారినను వంట చెడదు; సేరు మారినచో చెడును.

సేరు యొక్కటి కాదు. తెలుగునాట తూనికసేరు 24 తులములు. అట్టివి యైదు చేరిన వీశె. రైల్వేలలోను ఉత్తరదేశమునను చెల్లిన పక్కాసేరు 80 తులములు. తులమనగా వెండి రూపాయి యెత్తు, నేటి లెక్కకు 11.66 గ్రాములు. కావున పావుసేరు చింతపండు అని పుస్తకమున నున్నచో, ఒక లెక్కకు 70 గ్రాములు, మరియొక లెక్కకు 233 గ్రాములు. మూడింతల పులుపు! ధాన్యమును కొలిచెడి సేరు మరల వేరు. తీరాంధ్రమున అచ్చయిన పుస్తకమైనచో గిద్దె, సోల, తవ్వ, మానికలు వచ్చును. అరవ పుస్తకమైనచో ఆళాకు, పడి. 1956 నాటి చట్టము ననుసరించి మెట్రిక్ తూనికలు వచ్చిన పిదప పునర్ముద్రణములలో గ్రాములు చేరవచ్చును గాని, పాతప్రతి చేతనున్నవారు అది యే యూర, ఏ యేట అచ్చయినదో ముందుగా చూచుకొనుట మేలు. పుస్తకమున ఏ సేరో తెలియనప్పుడు, అదే వంటకములోని ఉప్పును, పప్పును పోల్చి చూచినచో చాలవరకు తేలిపోవును. నోటికి పట్టని లెక్క తప్పు లెక్క.

కొలత సరిపడినను సెగ మిగిలియుండును. కట్టెలపొయ్యి మీద 'మెత్తని సెగ' యనగా మండుచున్న కొరవిని వెనుకకు లాగి నిప్పులమీద ఉంచుట. గ్యాసుపొయ్యి చిన్నమంటయు అదియు నొకటి కావు. 'నాలుగు మిరపకాయలు' అన్నచో అవి బ్యాడగివా, గుంటూరువా? మొదటిది రంగునకు, రెండవది కారమునకు. కల్లుప్పును చెంచాతో కొలిచిన చోట మెత్తని యుప్పును అదే చెంచాతో వేసినచో ఎక్కువగును. ఇవన్నియు వ్రాసినవారికి తెలియక విడిచినవి కావు. చదువునామె ప్రక్కన అత్తయో తల్లియో ఉండునని వారి నమ్మకము.

కోలారు సీమకు మరియొక కొరత గలదు. ఏరులు తక్కువై చెరువులపై బ్రతికిన యీ మెట్టనేలకు రాగి ప్రాణము. కాని పేరొందిన పాత పుస్తకములలో అన్నము, సాంబారు, పిండివంటలే పుటలు నింపినవి. సంగటి తినువారికి పుస్తకము వ్రాయు తీరిక లేకపోయెను. అదే సీమలో, 1880 నుండి జాన్ టేలర్ కంపెనీ త్రవ్వించి 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల ఆంగ్లో ఇండియనుల వంటలకు మాత్రము పుస్తకములు కలవు. అచట పెరిగిన బ్రిజెట్ వైట్ కుమార్ వానిని కూర్చిరి. ఆ సంఘమువారి 'పెప్పర్ వాటర్' మన మిరియాల చారునకు దగ్గరి చుట్టమే.

బస్సారు సంగతి చూడుడు. ఆకుకూరను, కాయధాన్యమును కలిపి యుడికించి, ఆ నీటిని వార్చి చారు కాతురు. మిగిలినదానిని తాలింపు వేసి కూర చేయుదురు. పేరే వార్చుట యను కన్నడ ధాతువునుండి వచ్చినది. దీనిని వ్రాయుట సులభమే. సంగటి యట్లు కాదు. నీరు తెర్లగా గుప్పెడు నూక వేసి, అది యుడికిన పిదప రాగిపిండిని నడుమ కుప్పగా పోసి, కదపక, కట్టెతో మధ్య రంధ్రము చేసి ఆవిరిపట్టనిత్తురు. తొందరపడి కలిపినచో ఉండలు కట్టును. పిదప కుండను కదలకుండ పట్టి రెండు చేతులతో గెలికి, తడిచేతితో ముద్ద చుట్టుదురు. పిండికి రెట్టింపు నీరని లెక్క వ్రాయవచ్చును. అయినను క్రొత్తపిండికి ఒకటి, నిలువపిండికి మరియొకటి పట్టును. ఎంత నీరని యడిగినచో, చేయితిరిగిన ముసలమ్మ పిండిని చిటికెడు తీసి వ్రేళ్ళ నడుమ నలిపి చూచి చెప్పును.