శరీరం అంగీకరించే పదార్థం, ధర్మం అనుమతించే మార్గం

గత రమజాన్ తర్వాత మా సిద్దిపేట మదరసాకు ఒక విద్యార్థి తాతగారు వచ్చారు. "మౌలానా సాబ్, గుండెలో కవాటం మార్చాలంటున్నారు. అది పందిదని ఎవరో అన్నారు. ఇక ఆపరేషనే వద్దనుకుంటున్నాను" అన్నారు. ఆయనకు శ్వాస ఆడటం కష్టంగా ఉన్నది. అయినా ఆయన భయం ప్రాణం గురించి కాదు, హరామ్ గురించి!

నేను ఆయనకు ముందుగా అర్ఫజా బిన్ అస్అద్ (రజి) వృత్తాంతం చెప్పాను. అజ్ఞాన కాలంలో కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకున్నారు. అది దుర్వాసన వేయసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు చేయించుకోమని ఆదేశించారు. అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఈ విషయం ఉన్నది. పురుషులకు బంగారు ఆభరణం నిషిద్ధం. అయినా అవసరం ఏర్పడినప్పుడు దారి తెరుచుకున్నది. చెమట, తేమ తగిలితే వెండి మారుతుంది, బంగారం మారదు.

నేటి వైద్యులు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే: లోపల పెట్టిన వస్తువును శరీరం శత్రువుగా చూస్తుందా, సహిస్తుందా? అది తుప్పు పట్టకూడదు, విషం వదలకూడదు, దానిపై రక్తం గడ్డకట్టకూడదు. టైటానియం ఎముకతో గట్టిగా అతుక్కుపోతుందని స్వీడన్ వైద్యుడు బ్రానెమార్క్ 1950లలో కుందేళ్ళపై పరిశోధన చేస్తుండగా గమనించారు. దంతాల ఇంప్లాంట్లకు మూలం అదే. మన హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలామ్ కలిసి రూపొందించిన స్టెంటు కూడా ఈ కోవలోనిదే. పేదలకు అందుబాటు ధరలో ఉండాలన్నది వారి ఆశయం.

ఇక కవాటాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి యాంత్రికం. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన కవాటాన్ని 1990లో మొదటిసారి రోగికి అమర్చారు. లోహపు చట్రంలో ప్లాస్టిక్ బిళ్ళ కదులుతుంది. జంతు పదార్థం కాదు, ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే రక్తం పలచబడే మందు జీవితాంతం వాడాలి, తరచూ రక్తపరీక్ష చేయించాలి. రెండవది జీవకణజాలంతో చేసినది. పంది కవాటం గానీ, పశువు గుండెను కప్పి ఉండే పొర గానీ రసాయనాలతో శుద్ధి చేసి వాడుతారు. ఈ రకానికి సాధారణంగా ఆ మందు జీవితాంతం అక్కర ఉండదు, కానీ పది పదిహేనేళ్ళలో అరిగిపోవచ్చు.

అంటే జీవకణజాల కవాటమంటే పందిదే అని కాదు. కనుక సోదరులారా, ఆపరేషన్‌కు ముందే వైద్యుణ్ణి నిస్సంకోచంగా అడగండి: ఇది దేనితో చేసినది? ఇదే పనికి వచ్చే మరొకటి ఉందా? నా వయసుకు, నా ఒంటికి ఏది తగినది? ఇతర మార్గం ఉంటే దాన్నే ఎంచుకోండి. మరో మార్గం లేదని నమ్మకమైన వైద్యుడు చెబితే, విశ్వసనీయుడైన ముఫ్తీని సంప్రదించండి. గత్యంతరం లేని స్థితిలో ఉన్నవానిపై పాపం లేదని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో తెలిపింది. సందేహంతోనే కాలం గడిపి ప్రాణం మీదికి తెచ్చుకోవడం దైవభీతి కాదు. శరీరం మనకు అప్పగించబడిన అమానతు.

తాతగారు మళ్ళీ వెళ్ళి అడిగారు. తనకు చెప్పినది పశువు గుండె పొరతో చేసినదని తెలిసింది. అడగక ముందు రెండు నెలలు ఊరికే పోయాయి. అల్హమ్దులిల్లాహ్, ఇప్పుడాయన మనుమడి చేయి పట్టుకుని మగ్రిబ్ నమాజుకు నడిచి వస్తున్నారు.