నత్తనడక మహాస్త్రం

కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి ఉంది. తగిలినవాడు బతకడు, కానీ అది ఒక్కసారికే పనికొస్తుంది. అర్జునుడి కోసం దాన్ని భద్రంగా దాచుకున్నాడు. రాత్రి యుద్ధంలో కృష్ణుడు ఘటోత్కచుణ్ణి ఉసిగొల్పాడు. కౌరవసేన చెల్లాచెదురవుతుంటే గత్యంతరం లేక కర్ణుడు ఆ శక్తిని అతని మీదే ఖర్చుచేశాడు. అస్త్రానికి తిరుగులేదు, అయినా ఎదుటి పక్షానికి వేయడానికి ఒక ఎత్తు మిగిలింది. అంతరిక్ష యుద్ధాల వీడియో గేమ్‌లు తయారుచేసేవాళ్లు ఇప్పటికీ తలపట్టుకునేది ఆ ఎత్తు దగ్గరే.

స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2016లో విడుదల చేసిన ‘స్టెలారిస్’ చూడండి. గెలాక్సీలో ఓ మూల నుంచి మొదలుపెట్టి సామ్రాజ్యం కట్టుకోవడమే ఆట. 2018లో దానికి జోడించిన ‘అపోకలిప్స్’ భాగంతో కొలోసస్ అనే భారీ నౌక వచ్చింది. దానికి బిగించిన ఆయుధాన్ని బట్టి గ్రహాన్ని బద్దలు కొట్టొచ్చు, నేలను వదిలి ప్రాణుల్ని మాత్రమే తుడిచిపెట్టొచ్చు, లేదా గ్రహాన్ని ఎప్పటికీ తెరుచుకోని కవచంలో మూసేయొచ్చు.

బద్దలు కొట్టడం సాధ్యమేనా? భూమిని తన గురుత్వాకర్షణే ముద్దగా పట్టి ఉంచుతోంది. పగిలిన ముక్కలు మళ్లీ ఒకచోట చేరకుండా విసిరేయాలంటే 2 పక్కన 32 సున్నాలు పెట్టినన్ని జౌళ్ల కన్నా ఎక్కువ శక్తి కావాలి. సూర్యుడు దాదాపు వారం రోజులు అన్ని దిక్కులకూ వెదజల్లే శక్తి అది. 1961లో సోవియట్ యూనియన్ పేల్చిన జార్ బాంబు శక్తి 5 కోట్ల టన్నుల టీఎన్‌టీకి సమానం. అలాంటివి వెయ్యి లక్షల కోట్లు కావాలి! ఆ శక్తిలో కోటో వంతు నౌకలోనే వేడిగా మిగిలినా చాలు, శత్రుగ్రహం కంటే ముందు నౌకే ఆవిరైపోతుంది.

ఇక్కడితో ఆగి ‘ఇదంతా బూటకం’ అనేవాళ్లు ఎక్కువ. నాకు మాత్రం అసలు పేచీ వేరేచోట ఉందనిపిస్తుంది. శత్రువును అంతం చేయడానికి గ్రహాన్ని పగలగొట్టాల్సిన పనే లేదు. 6.6 కోట్ల ఏళ్ల కిందట, నేటి మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో సుమారు 10 కిలోమీటర్ల గ్రహశకలం పడింది. డైనోసార్లతో పాటు నాలుగింట మూడు వంతుల జీవజాతులు పోయాయి. దాని శక్తి, భూమిని ముక్కలు చేయడానికి కావలసిన దానిలో వంద కోట్లలో ఒక వంతు మాత్రమే. గ్రహశకలాల దారి మళ్లించడం ఇప్పుడు కథ కాదు. నాసా పంపిన డార్ట్ నౌక 2022 సెప్టెంబరులో డైమోర్ఫోస్ అనే చిన్న శకలాన్ని ఢీకొట్టి, అది తనకన్నా పెద్ద శకలం చుట్టూ తిరిగే సమయాన్ని అరగంటకు పైగా తగ్గించింది. పక్కకు నెట్టగలిగిన చేయి మన మీదకీ నెట్టగలదని కార్ల్ సేగన్ 1990లలోనే హెచ్చరించాడు.

ఇంకా భయంకరమైనది వేగం. కిలో ఇనుప ముక్కను కాంతివేగంలో 99 శాతానికి చేర్చగలిగితే (మనకైతే అది ఊహకందని పని) దాని శక్తి 13 కోట్ల టన్నుల టీఎన్‌టీ. దాన్ని 4.24 కాంతి సంవత్సరాల దూరంలోని ప్రాక్సిమా సెంటారీ నుంచి మన మీదకు విసిరారనుకుందాం. విసిరిన దృశ్యం మన కంటబడేసరికి అది దాదాపు వచ్చేసి ఉంటుంది. చేతిలో మిగిలేది పదిహేను రోజులు.

ఇప్పుడు దీన్ని ఉన్నదున్నట్టు ఆటలో పెట్టండి. రాత్రంతా నిద్ర మానుకుని కట్టుకున్న రాజధాని హఠాత్తుగా మాయం. ముందే ఎవరు విసిరితే వాళ్లదే గెలుపు. అలాంటి ఆటను రెండోసారి ఎవరు ఆడతారు? అందుకే డిజైనర్లు వాస్తవాన్ని తలకిందులు చేస్తారు. నిజంలో గ్రహాన్ని పగలగొట్టడంతో పోలిస్తే చవకగా, చడీచప్పుడు లేకుండా, అడ్డుకోవడానికి వీల్లేకుండా వచ్చేది ఆటలో ఖరీదుగా, డప్పు కొట్టుకుంటూ, ఆగి ఆగి వస్తుంది. కొలోసస్ కావాలంటే ఆటలో అరుదుగా దొరికే ప్రత్యేక వరాల్లో ఒకదాన్ని దీనికే వదులుకోవాలి. ఒకసారికి ఒక్కటే ఉంచుకోవాలి. దానికి మామూలు తుపాకులుండవు కాబట్టి కాపలాగా నౌకాదళం కావాలి. పేల్చే ముందు శక్తి కూడగట్టుకుంటూ నిలబడాలి. ఆ వ్యవధే ఘటోత్కచుడు దూరే సందు.

1996 నాటి ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్ 2’ మరో దారి పట్టింది. అందులో స్టెల్లార్ కన్వర్టర్ దెబ్బకు గ్రహం గ్రహశకలాల పట్టీగా మారుతుంది. తర్వాత విజ్ఞానం పెరిగితే ఆ పట్టీ నుంచే కృత్రిమ గ్రహాన్ని కట్టుకోవచ్చు. మామూలు పట్టీ నుంచి గ్రహం కట్టడాన్ని శాస్త్రం ఒప్పుకోదు. మన సౌరకుటుంబంలోని పట్టీ మొత్తాన్ని ముద్ద చేసినా చంద్రుడి బరువులో 3 శాతమే వస్తుంది. కానీ ఓడినవాడికి మళ్లీ లేచే ఆశ మిగిల్చింది కాబట్టి ఈ అబద్ధం నాకు నచ్చింది.

స్టెలారిస్ మాత్రం కళ్లెం మరీ బిగించిందని నా అభిప్రాయం. కొలోసస్ ఈడ్చుకుంటూ వెళ్లేసరికి యుద్ధనౌకలు పని ముగించేసి ఉంటాయి. పైగా పగిలిన గ్రహం నుంచి కాస్త ఖనిజం తప్ప జనమూ రాదు, పంటా రాదు. ఆ వెలుగు చూడటానికి ఒక్కసారి పేల్చండి, తప్పులేదు. గెలవాలనుంటే మాత్రం ఆ ఖర్చుతో మంచి యుద్ధనౌకలు కట్టుకోండి.